ముత్యాలమ్మ నోటితో రాసిన కథ

ఇరవై మూడేళ్ళ వయసులో నేను రోజుకో దేవుణ్ణి. ఒకరోజు గోదావరిని, మర్నాడు వానదేవుణ్ణి, ఆ మర్నాడు భూదేవిని. దేవుళ్ళ గురించి కథలు రాసేవాళ్ళు బోలెడుమంది ఉంటారు. నాకు అది చాలేది కాదు. దేవుడే ఎదురుగా కూచుని "నేను" అంటూ తన గోడు వెళ్ళబోసుకుంటున్నట్టు రాస్తేనే నాకు తృప్తి. కలం పట్టుకున్నానంటే ఒళ్ళు తెలిసేది కాదు. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా పట్టేది కాదు. నాలుగు పేజీలు రాసి, లేచి గదిలో గిరగిరా తిరిగి, మళ్ళీ కూచుని రాసేదాన్ని.

అప్పుడు నేను భద్రాచలం అడవుల అంచున ఒక కోయగూడెంలో పంతులమ్మను. ఎనభైలు సగం గడిచిన రోజులు. బస్సు దిగి అడవిలో గంటన్నర నడిస్తే వచ్చేది ఆ గూడెం. బడి అంటే ఒక పెంకుటి గది, ఒక నల్లబల్ల, ముప్పై మంది పిల్లలు, నేను. మాది సత్తుపల్లి. ఆర్డరు చేతికొచ్చిన రోజు మా అమ్మ నన్ను వనవాసానికి పంపుతున్నట్టే ఏడ్చింది. నాకు మాత్రం లోలోపల ఒకటే సంబరం. రాసుకోవడానికి అంత తీరిక ఇంకెక్కడ దొరుకుతుంది?

నేను కిరాయికి ఉన్నది ఒక పెద్దమ్మ ఇంట్లో. యాభై దాటిన మనిషి, గట్టి మనిషి, గొంతు ఇంకా గట్టిది. భర్త పోయి చాలా ఏళ్ళయింది. పుట్టిన ఒక్క కూతురూ ఐదో ఏట అమ్మవారు పోసి పోయింది. ఆ సంగతి నేను వచ్చిన మొదటి వారంలో ఒక్క ముక్కలో చెప్పి మళ్ళీ ఎత్తలేదు. నేనూ అడగలేదు. అడిగి ఏడిపించడం ఎందుకని ఊరుకున్నాను.

నా కథలకు మొదటి శ్రోత ఆవిడే. బడి విడిచిపెట్టాక ఆవిడ చింతపండో ఇప్పపువ్వో ముందేసుకుని అరుగు మీద కూచునేది, నేను కాగితాలు పట్టుకుని ఎదురుగా కూచునేదాన్ని. గోదావరి కథ చదివిన సాయంత్రం నాకింకా గుర్తు. అందులో గోదావరి వరదలో గుడి మెట్లెక్కి రాములవారి గుమ్మం దాకా వస్తుంది. యేడాది పొడుగూతా నీ కాళ్ళ దగ్గరే పారుతున్నాను, ఒక్కనాడైనా లోపలికి రమ్మన్నావా అని అలుగుతుంది.

"మరి రాములోరు ఏమన్నడు?" అంది పెద్దమ్మ, చేతిలో చింతపండు చేతిలోనే ఉంచుకుని.

"ఏమంటాడు పెద్దమ్మా, పక్కనే సీతమ్మ ఉంది కదా!"

పెద్దమ్మ నవ్వీ నవ్వీ పొలమారి, నీళ్ళు తాగాల్సి వచ్చింది. ఇంకో కథలో, ఇల్లెందు బొగ్గుబాయిల్లో మనుషులు తవ్వుతుంటే భూదేవికి చక్కిలిగింతలు పుట్టి నవ్వుతుంది, పైనున్నవాళ్ళు భూకంపం అనుకుని ఇళ్ళలోంచి ఉరుకుతారు. అది విని పెద్దమ్మ నవ్వలేదు. కళ్ళు పెద్దవి చేసింది. "అవ్, ఒకపారి భూమి కదిలింది. మా పొయ్యి మీది కుండలు దొర్లినయ్. మేము భయపడి సచ్చినం. నవ్వేనా గది!" అని ఎంతో ఊరటగా తలాడించింది. ఇంతకంటే పెద్ద బహుమానం ఏ పత్రికవాడిస్తాడు?

పత్రికలవాళ్ళు ఏమీ ఇవ్వలేదు. వారపత్రికలకు పంపిన కథలు పంపినట్టే తిరిగొచ్చేవి. పోస్టుమాన్ సైకిలు గూడెం మొదట్లో కాలువ మీది మోరీ దగ్గరే ఆపి, దూరం నుంచే కవరు ఊపి, "వచ్చింది పంతులమ్మా, మళ్ళ వచ్చింది" అని కేకేసేవాడు. అది అభిమానమో వెటకారమో తెలిసేది కాదు. నాకు అసలే ముక్కు మీద కోపం. అలాంటి రోజున పిల్లలకు ఎక్కాలు రెండింతలు పడేవి.

ఆ ఏడు దసరా సెలవులకు ముందు, పిల్లలు నాకు చిక్కుడుకాయల సంగతి చెప్పారు. ఆ గూడెంలో కొత్త కాయ గానీ కొత్త గింజ గానీ ముందు ఊరి అమ్మ ముత్యాలమ్మ తినాలి, తర్వాతే మనుషులు. చలికాలంలో ప్రతి ఇంటి పాదుకూ చిక్కుళ్ళు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నా, పూజారి పండుగ రోజు చెప్పి, ఆ రోజు అమ్మ గద్దె దగ్గర వండి పెట్టేదాకా ఎవరూ ఒక్క కాయ నోట్లో వేసుకోరు. "ముందుగాల తింటే ఏమవుతుందిరా?" అన్నాను. "అమ్మ తీస్కపోతది టీచర్. ఒకామె తినబెడితే ఆమె బిడ్డను గట్లనే తీస్కపోయింది" అంది మూడో తరగతి పిల్ల, ఎక్కం అప్పజెప్పినట్టు.

అంతే! నాకు కథ దొరికింది. ఆ తినబెట్టిన మనిషి ఎవరు, ఎప్పటి సంగతి, నిజంగా జరిగిందా — ఒక్క ప్రశ్న అడిగితే నా సొమ్మేం పోయేది? అడగలేదు. కథ దొరికిన సంతోషంలో నాకు మనుషులు కనపడలేదు. సత్తుపల్లి వెళ్ళే బస్సులోనే మొదటి వాక్యం తట్టింది. ఇంటికెళ్ళి చెప్పులైనా సరిగా విడవకుండా కూచుని, రెండు రోజుల్లో రాసి పారేశాను. అక్కడి నుంచే పోస్టు చేశాను.

కథంతా ముత్యాలమ్మే చెబుతుంది. ఊరి చివర ఎండకూ వానకూ రాయిగా కూచుని, యేడాదంతా ఆ పిడికెడు చిక్కుళ్ళ కోసం ఎదురుచూస్తుంది. పువ్వు పూసినప్పటి నుంచీ పాదు పాదునూ పలకరిస్తుంది. చివరికి పండుగ నాలుగు రోజులుందనగా ఒకింట్లో చిక్కుడుకాయల వాసన వస్తుంది. అప్పుడామె లేస్తుంది. ఆ లేవడం రాయడానికే నాకు ఒక పూటంతా పట్టింది. ఆ ఇంటి ముందు నిలబడి, నిద్రపోతున్న పిల్లను చంకనేసుకుని వాగు దాటి వెళ్ళిపోతుంది. "ఆ పిడికెడు కాయలకు నేను ఆ పిల్లను తీసుకున్నాను" అన్న మాటతో కథ ముగుస్తుంది. నేను అప్పటిదాకా రాసిన వాక్యాలన్నిటిలోకీ అదే గొప్పదని నా నమ్మకం. పైకి చదువుకుని నేనే భయపడ్డాను, భయపడి మురిసిపోయాను.

కార్తీకం వెళ్ళాక ఒకరోజు మధ్యాహ్నం, పోస్టుమాన్ మోరీ దగ్గర ఆగకుండా బడి గుమ్మం దాకా వచ్చాడు. చేతిలో పల్చటి కవరు. తిరిగొచ్చే కథ అంత పల్చగా ఉండదు. తొందరలో కవరుతో పాటు ఉత్తరం అంచు కూడా చించాను. కథ తీసుకున్నారు! ముగింపు వాక్యాన్ని ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. శుభ్రంగా తిరగరాసిన ప్రతి ఒకటి, ఇది నా సొంత కథేనని హామీపత్రం ఒకటి రెండు వారాల్లో పంపితే వచ్చే నెలలో అచ్చు వేస్తామన్నారు. నేను అరిచిన అరుపుకు పిల్లలు పామొచ్చిందనుకుని కిటికీలెక్కారు. వాళ్ళకు ఆ పూట సెలవిచ్చి, ఇంటిదాకా పరుగెత్తాను. పంతులమ్మ చీర కుచ్చిళ్ళు పట్టుకుని పరుగెత్తడం గూడెమంతా చూసింది.

పెద్దమ్మకు చదవడం రాదు. అయినా ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, కళ్ళకద్దుకుంది. "ఏ దేవుడి కత బిడ్డా?" అంది.

"మీ ముత్యాలమ్మదే!"

కథేంటో అప్పుడే చదివి వినిపించి ఉండాల్సింది. అచ్చయ్యాక పుస్తకం చేతిలో పెట్టి ఒకేసారి చదవాలని, ఆవిడ మొహం ఎలా వెలుగుతుందో చూడాలని నా సరదా. పెద్దమ్మకు అంత ఓపిక ఎక్కడిది? ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికల్లా ఇల్లిల్లూ తిరిగి, మా పంతులమ్మ రాసిన ముత్యాలమ్మ మాటలు పట్నంల అచ్చేస్తున్నరు అని చాటింపు వేసేసింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. నేను హామీపత్రం కూడా రాయలేదింకా.

మర్నాడు బడికి పూజారి వచ్చాడు. ముత్యాలమ్మకు పూజ చేసేదీ, పండుగ రోజు నిర్ణయించేదీ ఆయనే. పొడుగ్గా, ఎండుకట్టెలా ఉండే మనిషి, తొందర లేని మనిషి. గుమ్మం బయట గొంతు కూచుని, నేను పాఠం ముగించేదాకా ఆగాడు.

"పంతులమ్మా, నువ్వు ముత్యాలమ్మ మాటలు రాసినవంట."

"మాటలు కాదు పెద్దాయనా, కథ."

"గందుల 'నేను' అన్నది ఎవరు?"

"ముత్యాలమ్మ."

"రాసింది?"

"నేను."

"మరి గదే గదా" అన్నాడు, లెక్క తేలిపోయినట్టు.

"పూనకం వేరు, కథ వేరు పెద్దాయనా! కథంటే ఊహించి రాసేది" అన్నాను. అప్పటికే నా గొంతు లేచింది.

ఆయన గొంతు లేవలేదు. "మా దాంట్ల పూనకం వచ్చినోడు గూడ మనిషే. ఆయన నోట్లకెల్లి అమ్మ 'నేను' అంటది. నీ కాయితంలకెల్లి గూడ 'నేను' అంటున్నది. గట్ల అన్నంక మేము అడుగుతం, అమ్మ చెప్పాలె. అడగనియ్యకుండ, చెప్పేది చెప్పి ఉరికిపోతే గది అమ్మ ఎట్లయితది? గిది మా రివాజు. పట్నమోళ్ళకు చెప్పే ముందుగాల మాకు చెప్పు. ఇంక పది దినాలకు చిక్కుడు పండుగ. గద్దె కాడ చదువు. అడిగినోళ్ళకు జవాబు చెప్పు. ఎవలకు బాధ లేకుంటే పంపియ్యి."

"బాధ ఉంటే?"

"పంపకు."

ఆయన వెళ్ళాక నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా కథ, నా రెండు రోజుల నిద్ర, ఇన్నేళ్ళకు వచ్చిన ఒక్క ఉత్తరం! మధ్యలో ఈయనెవరు? ఇంటికెళ్ళి చిందులు తొక్కుతుంటే పెద్దమ్మ విని, "గింతేనా? చదువు బిడ్డా. ముసలోళ్ళకు తెలుగు సమజ్ కాదు. నువ్వు ఒక్కొక్క మాట చదువు, నేను మా కోయ మాటల చెప్త. అందరు నోరు తెరుస్తరు చూడు" అంది. ఆవిడ మొహంలో సంబరం చూస్తే నా కోపం చల్లారిపోయింది. చల్లారడమేమిటి, నాకూ ఉబలాటం పట్టుకుంది. కథ అచ్చయితే చదివేవాళ్ళ మొహాలు నాకు కనపడవు. ఇక్కడ ఊరంతా ఎదురుగా కూచుని వింటారు! ఆ పది రోజులూ బడి నుంచి వచ్చే దారిలో, చెట్లకు వినపడేలా కథ అప్పజెప్పుకున్నాను. శుభ్రంగా తిరగరాసిన ప్రతి, హామీపత్రం కవరులో పెట్టి, మీద అడ్రసు కూడా రాసి సిద్ధంగా ఉంచాను. పండుగ మర్నాడు పోస్టు చేయడమే తరువాయి.

పండుగ పొద్దున చలి గడ్డకట్టిస్తున్నా, గద్దె చుట్టూ జనం. ప్రతి ఇంటి నుంచీ గంపల్లో చిక్కుడుకాయలు వచ్చాయి. ఆడవాళ్ళు పీచు తీసి, పెద్ద కుండల్లో వేస్తున్నారు. డోళ్ళు మోగుతున్నాయి. పూజారి నా పాదాల మీద పసుపునీళ్ళు పోయించి, గద్దె పక్కన చాప వేయించాడు. పెద్దమ్మ కొత్త చీర కట్టుకుని, నా పక్కన నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"నేను ముత్యాలమ్మను. నాకు ఇల్లు లేదు. మీ ఇళ్ళ మీద పొగ లేస్తే చాలు, ఎవరింట్లో ఏం ఉడుకుతోందో వాసన పట్టి చెప్పగలను."

పెద్దమ్మ అది కోయలో చెప్పింది. నేను రెండు ముక్కలు చదివితే ఆవిడ పది ముక్కలు చెప్పింది, ముక్కు ఎగబీలుస్తూ, ఫలానా ఇంటి వైపు చెయ్యి చూపిస్తూ. జనం విరగబడి నవ్వారు. ముసలివాళ్ళు ముందుకు జరిగారు. నాకు గాల్లో తేలినట్టుంది. నా వాక్యం ఒక నోటి నుంచి ఇంకో నోట్లో పడి, నేను అనుకోని రంగులు వేసుకుని జనంలోకి వెళుతోంది. ఎక్కడ నవ్వాలని రాశానో అక్కడ నవ్వుతున్నారు, రాయని చోట కూడా నవ్వుతున్నారు.

మధ్యలోనే ప్రశ్నలు మొదలయ్యాయి. ఒక పిల్లగాడు లేచి, "అమ్మా, మన గూడేనికి కరెంటు ఎప్పుడొస్తది?" అన్నాడు. నాకు కాగితంలో జవాబు లేదు. అయినా ఆగలేదు. "ఇన్నేళ్ళుగా చీకట్లో కూచున్నది నేనే కదరా! వస్తే మొదటి బల్బు నా నెత్తి మీద పెట్టించు" అన్నాను. డోలు కొట్టేవాడు సంతోషం పట్టలేక ఒక దెబ్బ వేశాడు. ఒక ముసలాయన తన మోకాలి నొప్పి సంగతేంటన్నాడు. "ఇప్పసారా తగ్గించు" అన్నాను. అందరికంటే ఎక్కువ నవ్వింది ఆయన భార్య. పూజారి కూడా నవ్వాడు. కవరు రేపే పోస్టులో పడుతుందని నాకు అనుమానం లేకుండా పోయింది.

అదే ఊపులో ఆఖరి పేజీకి వచ్చాను.

"పండుగ ఇంకా నాలుగు రోజులుంది. ఒకింట్లోంచి చిక్కుడుకాయల వాసన వచ్చింది." పెద్దమ్మ చెప్పింది. ఈసారి ఎక్కువ ముక్కలు కాదు, నేను చదివినంతే. "నేను లేచాను." చెప్పింది. "ఆ ఇంటి ముందు నిలబడ్డాను." చెప్పింది, గొంతు తగ్గించి. నేను కాగితంలోంచి తలెత్తలేదు. భయపెట్టడానికి గొంతు తగ్గించిందనుకుని లోపల మెచ్చుకున్నాను కూడా.

"ఆ పిడికెడు కాయలకు నేను ఆ పిల్లను తీసుకున్నాను."

పెద్దమ్మ చెప్పలేదు.

నేను ఆగాను. ముసలివాళ్ళలో ఎవరో, ఏమన్నది, చెప్పు అని కోయలో అడిగారు. తెలుగు వచ్చినవాళ్ళందరూ తలలు దించుకుని ఉన్నారు. అప్పుడు చూశాను ఆవిడ మొహం. అప్పుడు తెలిసింది నాకు. మూడో తరగతి పిల్ల చెప్పిన "ఒకామె" ఎవరో గూడెంలో అందరికీ తెలుసు. ఏడాదిన్నరగా ఆవిడ చేతి అన్నం తింటున్న నాకు తప్ప! భూమి చీలి నన్ను మింగితే బాగుండుననిపించింది.

పెద్దమ్మ నా పక్క నుంచి వచ్చి, నా ఎదురుగా కూచుంది. నన్ను ఎప్పుడూ బిడ్డా అనే మనిషి, "అమ్మా" అంది. రెండు చేతులూ జోడించింది.

"అమ్మా, ఆ యేడు తిండి లేదు. పిల్ల రెండు దినాల సంది ఏడ్సింది. పాదుకు కాయలు కనవడుతనే ఉన్నయ్. పిడికెడు తెంపి ఉడకబెట్టిన. పిల్లకే పెట్టిన, నేను తినలే. పది దినాలకు నువ్వు పిల్ల ఒంటి మీదికొచ్చినవ్. గప్పటి సంది పూనకం వచ్చినోళ్ళను అందర్ని అడిగిన. అందరు తప్పు నాదే అన్నరు. ఇన్నేండ్లు పండుగకు గూడ నేను కాయ ముట్టలే. నువ్వు చదువుకున్నదానివి, నువ్వు గూడ గదే అంటున్నవ్. నిజంగ చెప్పు. గా పిడికెడు కాయలకేనా?"

ఆవిడ నా మీద కోపంగా అడగలేదు. అసలు నన్ను అడగనే లేదు. నేను కథ రాసినదాన్ని మాత్రమే పెద్దమ్మా, నాకేం తెలుసు అని తప్పుకోవచ్చు. నోటి చివరి దాకా వచ్చింది కూడా. కానీ కరెంటు గురించి అడిగితే దేవతనై జవాబు చెప్పినదాన్ని, మోకాలి నొప్పికి దేవతనై మందు చెప్పినదాన్ని, ఇప్పుడు మాత్రం మనిషినైపోయి పక్కకు జరుగుతానా? అంతకంటే సిగ్గుమాలినతనం ఇంకోటి ఉంటుందా?

"కాదు" అన్నాను.

పూజారి నా చేతిలో కాగితం వైపు చూశాడు. "కాయితంల గట్ల లేదు గదా."

"కాగితంలో ఉన్నది అబద్ధం."

"అది నువ్వు చెప్తున్నవ్. ఆమె అడిగింది అమ్మను. అమ్మ చెప్పాలె."

కాగితాలు చాప మీద పెట్టేశాను. ఏం చెప్పబోతున్నానో నాకు తెలియదు. ఏ వాక్యం వస్తే ఆ వాక్యం చెప్పాను.

"నేను ముత్యాలమ్మను. నాకు కోపం రాలేదు. ఆకలైన పిల్లకు తల్లి అన్నం పెడితే నాకెందుకు కోపం వస్తుంది? నువ్వు నీ పిల్ల నోట్లో పెట్టిన రోజే నేనూ తిన్నాను. రోగం వచ్చింది. చుట్టూ ఎన్ని గూడేల్లో ఎంతమంది పిల్లలకు వచ్చిందో, వాళ్ళెవరూ ముందుగా కాయలు తినలేదు. నేను ఆపాలని చూశాను, నా చేత కాలేదు. తప్పు నీది కాదు. నా చేత కాలేదని ఒప్పుకునే ధైర్యం లేక ఇన్నేళ్ళూ నీ మీద నెట్టాను."

నేను ఏడుస్తున్నానని చివరి మాట దగ్గర గమనించుకున్నాను. ముసలివాళ్ళకు అర్థం కాక ఒకరినొకరు చూసుకుంటున్నారు. చెప్పాల్సిన మనిషి పెద్దమ్మే. ఆవిడ లేచి నిలబడి, వాళ్ళ వైపు తిరిగి, ఆ మాటలన్నీ కోయలో చెప్పింది. ఒక్క ముక్క ఎక్కువ లేదు, ఒక్క ముక్క తక్కువ లేదు. నాకు ఆ భాష రాకపోయినా, ఎక్కడ ఏ వాక్యం నడుస్తోందో తెలుస్తూనే ఉంది. తప్పు నీది కాదు అన్న చోట మాత్రం ఆగి, ఆ మాట రెండుసార్లు చెప్పింది.

అందరూ పూజారి వైపు చూశారు. ఇది అమ్మ మాట కాదని ఆయన అంటాడేమోనని నేనూ బిక్కచచ్చి చూశాను.

"అమ్మ చెప్పింది" అన్నాడాయన. "అయిపోయింది. ఇంక ఎవలు గా మాట ఎత్తొద్దు." డోలు వాళ్ళకు చెయ్యి ఊపాడు.

ఆ కథ అచ్చు కాలేదు. కాలేదని చెప్పుకోవాలంటే నాకు ఇప్పటికీ కొంచెం కడుపుమంటగానే ఉంటుంది, దాచుకోవడం ఎందుకు? ముగింపు తప్పు రాశాను, దయచేసి వేయొద్దు అని ఆ పత్రికకు ఉత్తరం రాశాను. హామీపత్రం చించేశాను. ఆ పిల్లను తీసుకువెళ్ళని ముత్యాలమ్మతో కథ మళ్ళీ రాసి పంపితే, ఇందులో దేవతకు మహిమ లేదని తిప్పి పంపారు. పోస్టుమాన్ మళ్ళీ మోరీ దగ్గరే ఆగి కేకేశాడు.

ఆ రోజు మాత్రం ఇవేవీ నాకు తట్టలేదు. అమ్మకు పెట్టాక, అమ్మ మాట చెప్పినవాళ్ళకు పెట్టడం వాళ్ళ పద్ధతి. అడ్డాకు విస్తరిలో వేడివేడి చిక్కుడుకాయలు నా ముందు పెట్టారు. తిన్నాను. నాలుక కాలింది. ఊరంతా బంతిలో కూచుంటోంది. పెద్దమ్మ బంతిలో కూచోలేదు, వచ్చి నా పక్కన కూచుంది. చేతిలో ఖాళీ విస్తరి ఉంది. దాన్ని కాసేపు అలాగే ఒళ్ళో పెట్టుకుని కూచుని, తర్వాత వడ్డించే ఆవిడ వైపు చాచింది. వడ్డించే ఆవిడ గరిటె పట్టుకుని ఒక్క క్షణం నిలబడిపోయి, వేసింది.

పెద్దమ్మ ఒక కాయ నోట్లో వేసుకుని చాలాసేపు నమిలింది. నేను ఆవిడ మొహమే చూస్తున్నాను. భయమేసింది నాకు.

"ఏం పెద్దమ్మా?"

"ఏం లేదు బిడ్డా" అంది. "గా దినం ఇంట్ల ఉప్పు లేకుండె. నా పిల్ల సప్పటియే తిన్నది."

ఇంకో కాయ తీసుకుంది.